స్టూలు గుర్తుకి 41 ఓట్లు

పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుకి గుర్తు మనం కోరుకుంటే ఇవ్వరు. నిలబడినవాళ్ల పేర్లు అక్షరాల వరసలో రాసి, జాబితాలో ఉన్న గుర్తులు అదే వరసలో పంచేస్తారు. 2021 ఫిబ్రవరిలో మా వార్డుకి ముగ్గురం మిగిలాం. మొదటి పేరు కుర్రాడిది, వాడికి గౌను వచ్చింది. రెండో ఆయనకి గ్యాస్ పొయ్యి. నాకు స్టూలు.

ఆఫీసు గోడకి అంటించిన జాబితా మొత్తం కళ్లజోడు పెట్టుకుని చదివాను. కిందెక్కడో కటింగ్ ప్లేయరు ఉంది. కరెంటు స్తంభం కూడా ఉంది. 34 ఏళ్లు లైన్‌మన్‌గా చేసినవాణ్ని, ఆ రెండింట్లో ఏదొచ్చినా ప్రచారం సగం అయిపోయినట్టే. కాని అంత కిందికి దిగాలంటే మా వార్డులో ఇంకో డజను మందైనా నామినేషన్ వెయ్యాలి. వార్డులో ఉన్న ఓట్లే 236.

"మరేటి మావా, స్తంభాలెక్కినోడివి, ఆఖరికి స్టూలెక్కినావు" అన్నాడు టీ కొట్టు దగ్గర ఒకడు. నవ్వాను. ఏం చేస్తాం.

గౌను వచ్చిన కుర్రాడు నాకు మేనల్లుడు వరస. వాడి మీసం చూస్తే చిన్నపిల్లలు జడుసుకుంటారు. అలాంటివాడు తన కూతురి గులాబీ రంగు గౌను ఒకటి కర్రకి తగిలించి వీధంతా తిరిగాడు. పిల్లలందరూ వాడి వెనకాలే.

నేను నిలబడింది చెరువు గట్టు మీది చెట్ల కోసం. మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఉద్దానం అంటే ఉద్యానమే అంటారు పెద్దలు, జనం నోట్లో పడి అరిగిందని. కొబ్బరి, దాని కింద పనస, జీడి, మధ్యలో మునగ, దొడ్డి మూల అరటి. అంటే మా ప్రాంతం పేరే పార్కు. అలాంటి చోట కొత్తగా పార్కు కడతాం అని 2020లో ఊరి పెద్దలు బయల్దేరారు. చెరువు గట్టు చదును చేసి, టైల్స్ పరిచి, సిమెంటు బెంచీలు వేసి, చుట్టూ స్టీలు రెయిలింగు పెడతారట. ఎవరో రంగుల్లో బొమ్మ గీసి ఇచ్చారు. రచ్చబండ దగ్గర అందరూ ఆ బొమ్మ చుట్టూ మూగి చూస్తున్నారు. నేనూ చూశాను. లైన్‌మన్ చూపు వేరుగా ఉంటుంది, ఎక్కడికెళ్లినా ముందు స్తంభాలు, వాటి పక్కన చెట్లు కనబడతాయి. బొమ్మలో స్తంభాలు ఉన్నాయి. చెట్లు లేవు.

గట్టు మీద అప్పటికి 14 పెద్ద చెట్లు. అయిదు చింతలు, మూడు కానుగలు, రెండు రావులు, రెండు నేరేళ్లు, ఒక మర్రి, ఒక పొగడ. బొమ్మలో వాటి బదులు పట్నంలో హోటళ్ల ముందుండే అలంకారపు తాటిమొక్కలు వరసగా ఆరు ఉన్నాయి. ఆ తాటిమొక్క నీడలో కోడిపెట్ట కూడా నిలబడలేదు.

మా అమ్మాయి అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటుంది. లాక్‌డౌన్ రోజులు కదా, రోజూ ఫోను. ఈ బొమ్మ సంగతి చెప్తే "నాన్నా, ఇక్కడ పార్కులకి వేరే బోర్డు ఉంది, దానికి వేరే ఎన్నికలు జరుగుతాయి" అంది. మునిసిపల్ కౌన్సిల్ కాకుండా పార్కుల కోసమే విడిగా 9 మందిని ఎన్నుకుంటారట. ఆరుగురు ఆరు ప్రాంతాల నుంచి, ముగ్గురు ఊరంతటికీ. 1883 నుంచీ ఉందట ఆ బోర్డు. ఓటేసేవాడు ఒక్కరికే గుద్ది రాడట, నాకు మొదట ఇతను, ఇతను కాకపోతే అతను అని 1, 2, 3 వరస పెడతాడట. మా అమ్మాయికి అక్కడ ఓటు లేదు, 2017లో పక్కింటావిడ చూపిస్తే తెలిసింది. "చెట్ల గురించి తెలిసినోళ్లు, పర్యావరణం పనిచేసినోళ్లు నిలబడతారు నాన్నా. నువ్వూ నిలబడకూడదా?"

మనకి పార్కుల బోర్డు ఎక్కడిది? మనకున్నది పంచాయతీ. రాజ్యాంగంలో పంచాయతీలకి రాసిచ్చిన 29 అంశాల్లో సామాజిక అడవులున్నాయి, చిన్ననీటి వనరులున్నాయి, ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణ ఉంది. ఊళ్లో దాన్ని ఎవరూ చదవరు. నేనూ అప్పుడే చదివాను. డిపాజిట్టు కట్టి వచ్చేశాను, ఇంటావిడకి ఆ సాయంత్రం చెప్పాను. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. నేను చెట్లు కొట్టినవాణ్ని.

1984లో హెల్పరుగా చేరాను. ప్రతి ఏడూ వానలకి ముందు లైను పొడుగునా కొమ్మలు దించడం మా పని. దానికి ఎల్‌సీ తీసుకోవాలి. అంటే సబ్‌స్టేషన్లో ఆ ఫీడరు, ఊళ్లకి కరెంటు పంపే లైను, ఆపేసి, ఇక పని చేసుకోండి అని మాట ఇస్తారు. అది లేకుండా తీగ ముట్టుకుంటే మనిషి మిగలడు. ఆ ఎల్‌సీ గంటన్నర ఇస్తే, ఆ గంటన్నరలో ఎంత దూరం వీలైతే అంత దూరం పోవాలి. జనం ఉక్కకి తిడుతుంటారు, పైనుంచి ఫోన్లు. అప్పుడు కొమ్మ ఎక్కడ కొయ్యాలి అని ఎవడు చూస్తాడు? చెయ్యి అందిన చోట కత్తి పడుతుంది.

ఉద్దానంలో అది మరీ కష్టం. తీగలు తోటల్లోంచే పోతాయి. కొబ్బరిమట్ట ఒకటి గాలికి ఊగి తీగకి తగిలితే ఫీడరు ట్రిప్పవుతుంది, అయిదారు ఊళ్లు చీకటి. మట్ట కొడదామంటే రైతు గొడవ. ఆ గొడవ న్యాయమైందే. కొబ్బరికి మట్ట మొదట్లోనే గెల పుడుతుంది, ఒక మట్టకి ఒక గెల. నేను నాలుగు మట్టలు కొట్టానంటే నాలుగు గెలలు కొట్టినట్టు. ఆ లెక్క తెలిసీ కొట్టాను. వాళ్లు తిట్టేవాళ్లు, నేను నిచ్చెన భుజాన వేసుకుని ముందుకెళ్లిపోయేవాణ్ని.

ఇంకో సంగతి కూడా ఉంది. సోంపేట బీలలో, అంటే చిత్తడి నేలల్లో, 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు వద్దని జనం లేచినప్పుడు, 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ వారమంతా నేను డ్యూటీలోనే ఉన్నాను. మా చుట్టాలు బీల నీటి మీద బతికేవాళ్లు. నేను కరెంటు జీతం మీద బతికేవాణ్ని. ఎవరైనా అడిగితే "మనకెందుకు" అనేవాణ్ని. ఓట్లడగడానికి వెళ్లినప్పుడు మా చిన్నాన్న కొడుకు ఈ ముక్క గుర్తుచేశాడు. వాడి ఓటు నాకు పడలేదని నాకు గట్టి నమ్మకం, అడగలేదు.

మనసు మారింది తిత్లీ తుపానుకి. నేను రిటైరయింది 2018 జూన్‌లో. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా దొడ్లో 40 కొబ్బరిచెట్లుండేవి, తెల్లారి లెక్కపెడితే 9. కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగాయి, కొన్ని తల మాత్రమే పోయి స్తంభాల్లా నిలబడ్డాయి. జీడి తోటలైతే చాప చుట్టినట్టు పడున్నాయి. రిటైరైనా ఇంట్లో ఉండలేక పనిలోకి వెళ్లాను. వేరే జిల్లాల నుంచి కుర్రాళ్లు వచ్చారు, వాళ్లకి దారి తెలీదు, ఏ ఫీడరు ఎటు పోతుందో నాకు తెలుసు. మా వీధికి దీపం వెలగడానికి 11 రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజుల్లో ఒకటి కంటబడింది. చెరువు గట్టు మీది చింతలు పడలేదు. కొమ్మలు పోయాయి, మానులు నిలబడ్డాయి. గట్టుకి అవతల, గాలి మళ్లిన వైపున్న ఇళ్ల రేకులు చాలావరకు అలాగే ఉన్నాయి. పక్క వీధిలో, అడ్డేమీ లేని చోట, రేకులు పొలాల్లోకి ఎగిరిపోయాయి. నేను శాస్త్రం చదువుకోలేదు. ఆ చింతల్లో రెండింటి నెత్తి మాత్రం నేనే మూడుసార్లు నరికాను, అది గుర్తుంది.

ప్రచారం మొదటిరోజు మూడో ఇంట్లోనే దొరికిపోయాను. ఆ ఇంటి అమ్మకి ఎనభై దాటాయి. స్టూలు గుర్తు కాగితం చేతిలో పెడితే చూడకుండానే "ఒరే బావూ, సెట్లు కొట్టీసినోడివి, ఇప్పుడు సెట్లకి ఓటడుగుతన్నావేటి?" అంది. చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్లింది.

అక్కడో చింతచెట్టు. మనిషి ఎత్తుకి రెండింతల మీద ఒక పక్క కొమ్మ తెగి ఉంది. తెగిన చోట మూరెడు మొండి మిగిలింది. మొండి లోపలంతా పుచ్చిపోయి, గొట్టంలా బోలుగా ఉంది. అందులోంచి చీమల బారు ఒకటి కిందికి దిగుతోంది. పుచ్చు మొండి దాటి మానులోకి దిగింది, కింద బెరడు గోటితో నొక్కితే మెత్తగా పోయింది. ఆ మొండి పైన కత్తి గాట్లు మూడు, ఏటవాలుగా. నా చేతివాటం నాకు తెలియదా, నేను ఎడమచేతి వాణ్ని.

"ఏ సంవత్సరం?" అన్నాను.

"మా పెద్దమనవరాలి పెళ్లి ఏడు. పందిరి మీదికి పడ్డాది కొమ్మ."

కొమ్మ కొయ్యడానికి ఒక పద్ధతి ఉంది. అది ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. రిటైరయ్యాక మా అమ్మాయి పంపిన వీడియోలు చూసి, దొడ్లో మునగ మీదా మామిడి మీదా చేసి నేర్చుకున్నాను. కొమ్మ మానుని కలిసే చోట ఉబ్బుగా, చొక్కా కాలరులా ఒక మడత ఉంటుంది. ఆ మడత చెట్టుది, కొమ్మది కాదు. దానికి కొంచెం అవతల కొయ్యాలి, మడతని తాకకూడదు, మూరెడు మొండీ వదలకూడదు. ముందు కింద నుంచి కొంత కొయ్యాలి, లేకపోతే కొమ్మ బరువుకి బెరడు మాను పొడుగునా చీరుకుపోతుంది. తరవాత పైనుంచి కోసి బరువు దించాలి. చివరికి మిగిలిన ముక్కని మడత దగ్గర శుభ్రంగా తీసెయ్యాలి. అలా కోస్తే చెట్టు చుట్టూ నుంచి పెదవిలా ఉబ్బి, రెండు మూడేళ్లలో గాయాన్ని మూసుకుంటూ వస్తుంది. మొండి వదిలితే మూయలేదు. పుచ్చు లోపలికి నడుస్తుంది.

ఇదంతా ఆ అమ్మకి ఆ చెట్టు కిందే చెప్పాను. ఓటు అడగడం మర్చిపోయాను. ఆవిడ విని, "అయితే ఇప్పుడు తెలిసిందన్నమాట" అంది. అంతే. మజ్జిగ ఇచ్చింది.

ఆ తరవాత ప్రతి ఇంటికీ ముందు అదే చెప్పి మొదలుపెట్టాను. మీ దొడ్లో నేను ఫలానా చెట్టు కొట్టాను, తప్పుగా కొట్టాను. కొందరు నవ్వారు. కొందరు నేను మర్చిపోయినవి గుర్తుచేశారు. ఒక ఇంట్లో ఎప్పటిదో పాత తుపాను తరవాత కొట్టిన పనస సంగతి రెండు గంటలు విన్నాను, ఆ పనస తొనల రుచితో సహా.

చెట్ల మీద జనానికి ఉన్న మాట, మనం అనుకునేది కాదు. పర్యావరణం అనే మాట ఎత్తగానే ముఖాలు ఎటో తిరుగుతాయి. ఆకులు ఎవరు ఊడుస్తారు అంటారు. చింతల మీద కొంగలు వాలి రెట్ట వేస్తున్నాయి, బట్టలారేసుకోలేకపోతున్నాం అంటారు. అప్పుడు తేలినీలాపురం గురించి చెప్పేవాణ్ని, టెక్కలి దగ్గర. దూరాల నుంచి వచ్చిన పక్షులు ఆ ఊళ్లో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, వాళ్లు ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు అని. "వాళ్లకి టూరిస్టులొస్తారు మావా, మాకు రెట్టే" అన్నాడొకడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఇంకొందరు ఆడవాళ్లు వేరే మాట చెప్పారు. చీకటి పడ్డాక గట్టు మీదికి వెళ్లాలంటే భయం, చెట్ల కింద మందు తాగేవాళ్లు కూర్చుంటారు, పార్కు కడితే దీపాలొస్తాయి కదా అని. ఇది నేను ముందు ఆలోచించనే లేదు. దీపాలు పెట్టడం నాకు తెలిసిన పని. చెట్టు కొట్టకుండా దీపం ఎక్కడ పెట్టొచ్చో నోటుబుక్కులో గీసి మళ్లీ వెళ్లి చూపించాను. నాకు పడిన ఓట్లలో ఎక్కువ ఆ బొమ్మవే అనుకుంటాను.

ముందురోజు రాత్రి వీధిలో ఏం పంచారో ఎవరు పంచారో నేను రాయను. మా ఇంటావిడ మాత్రం "మనమూ ఏదో ఒకటి ఇవ్వాలేమో" అంది. రెండు రోజులు మాట్లాడని మనిషి ఆ మాట అనేసరికి నాకు గెలిచినంత సంతోషం వేసింది. ఏమీ ఇవ్వలేదు.

పోలింగు పొద్దున్న ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. నాలుగింటికి అదే బడిలో లెక్కింపు. కాగితాలు విప్పి బల్ల మీద కుప్పలు పెడుతుంటే, కుప్ప ఎత్తు చూసే తెలిసిపోతుంది. గౌను 97. గ్యాస్ పొయ్యి 68. స్టూలు 41. చెల్లనివి ఆరు. ఆ ఆరింట్లో ఒకటి నేను చూశాను. ముద్ర సరిగ్గా పొయ్యికీ స్టూలుకీ మధ్య గీత మీద పడింది. ఎవరో చివరి క్షణం దాకా ఆలోచించారన్నమాట. మా అమ్మాయి చెప్పిన 1, 2, 3 పద్ధతి ఇక్కడ ఉండుంటే ఆ ఓటు బతికేది.

చెల్లిన ఓట్లలో ఆరో వంతు వస్తే డిపాజిట్టు దక్కుతుంది. 206లో ఆరో వంతు 34 చిల్లర. నాకు దక్కింది. ఆ డబ్బుతో మునగకాయలూ రొయ్యలూ తెచ్చి వండించాను.

పార్కు కట్టారు. 14 చెట్లలో 5 పోయాయి: కానుగలు మూడూ, ఒక నేరేడు, ఒక చింత. చింత కొట్టేరోజు నేను పలాస వెళ్లి సాయంత్రం దాకా రాలేదు, కావాలనే. మిగిలిన తొమ్మిదికీ మాను మొదట్లోకంటా టైల్స్ పరుస్తున్నారని తెలిసి మా గౌను మెంబరు దగ్గరికి వెళ్లాను. చెట్టు వేళ్లకి కూడా గాలీ నీళ్లూ కావాలి, చుట్టూ మూడడుగులు మట్టి వదలండి అన్నాను. వాడు తల గోక్కుని, "సరే మావా, రెండున్నర" అన్నాడు. రెండున్నరే వదిలారు. అక్కడ బేరమాడకపోవడం నా తప్పు.

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లో ఉన్న చెట్టూ చేమా, పక్షీ పశువూ ఏమేమున్నాయో జనాన్ని అడిగి రిజిస్టరు రాయాలి. ఇంచుమించు మా అమ్మాయి చెప్పిన బోర్డే, ఎన్నిక లేదంతే. మా పంచాయతీకి ఆ కమిటీ కాగితం మీద ఉందని విచారిస్తే తేలింది. అందులో ఒకాయన చనిపోయి ఏడాదైంది. ఆ ఖాళీలో నన్ను వేయించింది కూడా గౌను మెంబరే. హైస్కూలు పిల్లల్ని వెంటేసుకుని ఆదివారాలు చెట్లు రాస్తున్నాం. ఒక పిల్ల నన్ను "తాతా, కొట్టీసిన సెట్లు కూడా రాయాలా?" అని అడిగింది. వాటికి వెనక పేజీల్లో వేరే పట్టిక పెట్టాం. అది ముందు పేజీల కంటే వేగంగా నిండుతోంది.

మొన్న జూన్‌లో పొద్దున్నే మెంబరు ఫోను. గట్టు మీది చింత కొమ్మలు తీగ మీదికి వచ్చాయి, కుర్రాళ్లు ఎల్‌సీ తీసుకుని కత్తులతో వచ్చేశారు. "మావా, నువ్వు రా. ఎక్కడ కొయ్యాలో నువ్వు సెప్తే గానీ ముట్టుకోవద్దన్నాను."

వెళ్లాను. లైన్‌మన్ కుర్రాడు పాతికేళ్లవాడు, గడియారం చూసుకుంటున్నాడు. వాడికి టెన్షన్, నాకు తెలుసు, ఇంక యాభై నిమిషాలే ఉంది. బడిలోంచి తెప్పించిన సుద్దముక్కతో నిచ్చెనెక్కి ఒక్కొక్క కొమ్మ మొదట్లో మడత ఎక్కడుందో తడిమి, దానికవతల గీత గీశాను. కింద ఒక గీత, పైన ఒక గీత, చివర ఒక గీత. నాలుగో కొమ్మ దగ్గర సుద్ద అయిపోయింది. బడి గుంటడు ఒకడు ఇంకో ముక్క కోసం పరిగెత్తాడు. వాడు వచ్చేదాకా లైన్‌మన్ కుర్రాడు కత్తి చెట్టుకి ఆనించి ఆగాడు.